దావా ఏ కోర్టులో వేయవలెను?



గట్టు తగవు ముదిరినను, కొన్న విత్తనము మొలవకపోయినను, చివరకు కోర్టు మెట్లు ఎక్కవలసి వచ్చినప్పుడు మొదట చూచుకొనవలసినది ఒకటి కలదు. మీ తగాదాను విను అధికారము ఏ కోర్టుకు ఉన్నది? విషయమును విచారించు అధికారమే లేని కోర్టు ఇచ్చిన డిక్రీ చేతిలో ఉన్నను చెల్లదు.

భూమి సంగతి సులభము. భూమి ఎక్కడ ఉన్నదో దావా అక్కడనే. మీ పొలము నంద్యాల దగ్గర ఉండి, దానిని ఆక్రమించిన దాయాది హైదరాబాదులో కాపురమున్నను, స్వాధీనము కొరకు నంద్యాల వైపు కోర్టుకే పోవలెను. 1908 నాటి సివిల్ ప్రొసీజరు కోడు 16వ సెక్షను ఈ మాట చెప్పుచున్నది. ఉమ్మడి ఆస్తి రెండు జిల్లాలలో ఉన్నచో ఏదో ఒక చోట దావా వేసిన చాలును.

డబ్బు బాకీకి వేరొక సూత్రము. ప్రతివాది నివసించు చోట గాని, వ్యవహారము జరిగిన చోట గాని వేయవచ్చును. ఖమ్మము జిల్లా రైతు కళ్ళములోనే గుంటూరు వర్తకుడు బేరమాడి, మిర్చి తూచుకొనిపోయి సొమ్ము ఎగవేసినచో, ఆ రైతు గుంటూరు దాకా పోనక్కరలేదు. అయితే బిల్లు అడుగున సన్నని అక్షరములతో “తగాదాలు ఫలానా ఊరి కోర్టులోనే” అని అచ్చువేసి ఉండవచ్చును. ఆ కోర్టుకు చట్టరీత్యా అధికారము ఉన్నప్పుడే అట్టి షరతు నిలుచును. లేని అధికారమును ఒప్పందము ఇవ్వజాలదు. సంతకము చేయుటకు ముందే ఆ పంక్తి చదివించుకొనుడు.

ఇక విత్తనముల మాట. పంట అమ్ముకొను రైతు వినియోగదారుడు కాడనియు, విత్తన చట్టము ఉండగా వినియోగదారుల ఫోరమునకు అధికారము లేదనియు కంపెనీలు చాలకాలము వాదించినవి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతుల కేసులలో నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ వేసిన అప్పీళ్ళను 2012లో సుప్రీంకోర్టు కొట్టివేసి, ఆ వాదనలు నిలువవని తేల్చినది. విత్తనమంతయు చల్లుకొన్న రైతు పరీక్షకు నమూనా దాచిపెట్టలేదని తప్పుపట్టరాదని కూడ చెప్పినది. పొలము చూచిన అధికారుల నివేదికలు ఆ కేసులలో అక్కరకు వచ్చినవి. కనుక మొలక రాలేదని తెలిసిన వెంటనే వ్యవసాయాధికారిని పొలమునకు రప్పించి, వ్రాతమూలముగా నివేదిక కోరుడు. బిల్లు, సంచి, దాని చీటీ పారవేయకుడు.

2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ఇంకొక మేలు చేసినది. కంపెనీ ఏ నగరములో ఉన్నను, మీరు నివసించు జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు ఇయ్యవచ్చును. ఇక్కడ చాలమంది పొరబడుదురు: కమిషన్ అధికారమునకు లెక్క మీరు కోరు నష్టపరిహారము కాదు, విత్తనమునకు చెల్లించిన ధర. 50 లక్షల రూపాయల వరకు జిల్లా కమిషన్ వినును. 5 లక్షల వరకు రుసుము లేదు. గడువు 2 సంవత్సరములు.

తెలియక తప్పు కోర్టులో దావా వేసినచో ఆ కోర్టు దానిని సరియైన చోట దాఖలు చేయుటకు తిరిగి ఇచ్చును. అక్కడ సద్బుద్ధితో, శ్రద్ధగా నడిపిన కాలమును 1963 నాటి కాలపరిమితి చట్టము 14వ సెక్షను ప్రకారము గడువునుండి మినహాయింపవచ్చును. మీరు ప్రతివాది అయినచో, స్థలమును గూర్చిన అభ్యంతరమును ఇష్యూలు నిర్ణయించు లోపుననే చెప్పవలెను.