ఒకే జ్వరం, రెండు రోగాలు

వర్షాకాలం ముగిసే రోజుల్లో స్వదేశం నుంచి వేళకాని వేళ ఫోను మోగితే మనలో చాలామందికి గుండె ఝల్లుమంటుంది. "అన్నయ్యా, నాన్నగారికి నాలుగు రోజులుగా జ్వరం. ఆసుపత్రిలో చేర్చాం. రక్తపరీక్షలో డెంగ్యూ అని తేలింది" అంటాడు తమ్ముడు. రోగమేమిటో తెలిసింది కదా అని కొంత ఊరట. ఆనాటి నుంచి పూటపూటకూ ఒకటే ప్రశ్న: "ప్లేట్‌లెట్లు ఎన్ని ఉన్నాయి?" ఎనిమిదో రోజుకు ప్లేట్‌లెట్లు పెరుగుతాయి, కాని జ్వరం తగ్గదు. పైగా ఆయాసం మొదలవుతుంది. అప్పుడొక వైద్యుడు రోగి చొక్కా విప్పించి, ఒళ్ళంతా పరీక్షగా చూస్తాడు. చంక కింద, సిగరెట్టుతో కాల్చినట్టున్న చిన్న నల్లని పెచ్చు కనబడుతుంది. అది స్క్రబ్ టైఫస్ గుర్తు. డెంగ్యూ అన్న మాట అబద్ధం కాదు. దానితోపాటు మరో రోగం కూడా ఆ శరీరంలో ఉన్నదన్నమాట.

ఇది విషయం బోధపడడానికి కల్పించి చెప్పిన ఉదాహరణ. కాని ఇటువంటి జంట రోగాలు భారతదేశపు ఆసుపత్రులలో నిజంగా కనబడుతున్నాయి. డెంగ్యూతో మలేరియా, డెంగ్యూతో చికున్‌గున్యా, మలేరియాతో టైఫాయిడ్, స్క్రబ్ టైఫస్‌తో లెప్టోస్పైరోసిస్ కలిసి వచ్చిన సందర్భాలను వైద్యులు ప్రచురించారు. ఒక రోగం దొరకగానే వెతుకులాట ఆపివేయడం ఎంత ప్రమాదమో, ఎప్పుడు మళ్ళీ వెతకాలో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పేర్లలోనే ఉన్న చిక్కు

ఏటా వానలు పడగానే "విషజ్వరాలు ప్రబలుతున్నాయి" అని మన పత్రికలు రాస్తాయి. నిజానికి విషజ్వరమనేది ఒక రోగం కాదు, అనేక రోగాలను కలిపి కట్టిన మూట. మన పెద్దలు టైఫాయిడ్‌ను సన్నిపాత జ్వరమన్నారు. ఆయుర్వేదంలో సన్నిపాతమంటే వాత పిత్త కఫాలు మూడూ ఏకకాలంలో ప్రకోపించడం. ఆ భావన, నేటి సూక్ష్మజీవ శాస్త్రం ఒకటి కావు. అయినా, జ్వరానికి ఒకటికి మించిన మూలాలు ఉండవచ్చునన్న ఆలోచన మనకు కొత్త కాదని ఆ మాట గుర్తుచేస్తుంది.

ఒకే వాన, అనేక మార్గాలు

రెండు రోగాలు ఒకేసారి రావడం వింతగా తోచవచ్చు. కాని అవి పుట్టే చోటు చూస్తే వింత ఉండదు. డెంగ్యూను, చికున్‌గున్యాను మోసే ఏడిస్ దోమ ఇంటి చుట్టూ కుండలలో, కూలర్లలో, పాత టైర్లలో నిలిచిన నీటిలో పెరిగి పగటిపూట కుడుతుంది. మలేరియాను మోసే అనాఫిలిస్ దోమ రాత్రిపూట కుడుతుంది. దానిలో ఒక జాతి పట్టణాలలో మేడలపై నీళ్ళ తొట్లలోనూ పెరుగుతుంది. ఎలుకల మూత్రం కలిసిన వాననీరు, బురద కాళ్ళ పగుళ్ళకు తగిలితే లెప్టోస్పైరా క్రిములు లోపలికి పోతాయి. మురుగునీరు మంచినీటి గొట్టంలో కలిస్తే టైఫాయిడ్. పొదలలో, గడ్డిలో ఉండే, కంటికి సరిగా ఆనని పురుగు పిల్ల కుడితే స్క్రబ్ టైఫస్. పొలానికి వెళ్ళివచ్చే ఒక రైతుకు ఒకే వారంలో వీటిలో రెండు సోకడానికి అన్ని అవకాశాలూ ఉన్నాయి.

మలేరియాలోనే జంట ఉంది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని గుర్తించాడు. ఆ క్రిములలో మన దేశంలో ముఖ్యమైనవి ఫాల్సిపేరం, వైవాక్స్. రెండూ ఒకే రోగిలో ఉండవచ్చు. ఫాల్సిపేరం మాత్రమే కనబడి దానికే మందు ఇస్తే రోగి కోలుకుంటాడు. కాని కాలేయంలో నిద్రాణంగా ఉన్న వైవాక్స్ కొన్ని వారాలకో, నెలలకో మళ్ళీ తలెత్తుతుంది. దానిని నిర్మూలించడానికి ప్రిమాక్విన్ వంటి వేరే మందు కావాలి.

రెండో రోగాన్ని పట్టించే ఆనవాళ్ళు

రోగి లక్షణాలన్నింటికీ ఒకే కారణం వెతకమని వైద్య విద్యార్థులకు నేర్పుతారు. 14వ శతాబ్దపు ఆంగ్ల తత్వవేత్త ఆకమ్ పేరుమీద వచ్చిన సూత్రమిది. చాలాచోట్ల ఇది మేలైన సూత్రమే. కాని ఒక రోగికి ఎన్ని రోగాలైనా ఉండవచ్చునని హెచ్చరించే మరో సూత్రం అమెరికన్ వైద్యుడు జాన్ హికమ్ పేరుమీద ప్రచారంలో ఉంది. ఈ జ్వరాల విషయంలో రెండో సూత్రాన్ని కూడా గుర్తుంచుకోవాలి.

ప్లేట్‌లెట్లు తగ్గడం డెంగ్యూ ఒక్కదానికే ప్రత్యేకం కాదు. మలేరియాలో, లెప్టోస్పైరోసిస్‌లో, స్క్రబ్ టైఫస్‌లో కూడా తగ్గుతాయి. కనుక ఆ అంకె ఒక్కటీ చూసి రోగాన్ని నిర్ణయించలేము. చూడవలసింది కథలో ఇమడని విషయాన్ని.

డెంగ్యూ జ్వరం సాధారణంగా 2 నుంచి 7 రోజులుంటుంది. వారం దాటినా తగ్గకపోతే మరో కారణం వెతకాలి. డెంగ్యూలో తెల్ల రక్తకణాలు తగ్గడం పరిపాటి. అవి బాగా పెరిగితే బాక్టీరియాను అనుమానించాలి. కళ్ళు ఎర్రబడి, పిక్కలు విపరీతంగా నొప్పిపుట్టి, కామెర్లు వచ్చి, మూత్రం తగ్గితే లెప్టోస్పైరోసిస్ గుర్తుకు రావాలి. చలి, వణుకుతో జ్వరం వస్తుంటే, గాజు పలకపై రక్తం పరచి చూసే మలేరియా పరీక్ష ఒకసారి కాదని చెప్పినా సరిపెట్టుకోరాదు. 12 నుంచి 24 గంటల వ్యవధితో మళ్ళీ చేయాలి. స్క్రబ్ టైఫస్ పెచ్చు నొప్పి పెట్టదు. చంకలో, గజ్జలో, నడుము దగ్గర దాగి ఉంటుంది. అందరిలోనూ ఉండదు, కాని వెతికితేనే దొరుకుతుంది.

చికిత్సకు శరీరం స్పందించే తీరు కూడా ఒక సాక్ష్యమే. స్క్రబ్ టైఫస్‌కు డాక్సీసైక్లిన్ ఇస్తే తరచు 48 గంటలలో జ్వరం దిగుతుంది. టైఫాయిడ్‌కు సరైన మందు ఇచ్చినా నాలుగైదు రోజులు పట్టవచ్చు. కనుక తొందరపాటు, ఉపేక్ష రెండూ పనికిరావు.

రెండు పరీక్షల ఫలితం రెండు రోగాలు కాకపోవచ్చు

ఇక్కడ రెండోవైపు ప్రమాదం కూడా చెప్పాలి. కాగితంపై రెండు పరీక్షలు "పాజిటివ్" అని వచ్చినంత మాత్రాన రెండు రోగాలున్నాయని కాదు. 1896 నాటి విడాల్ పరీక్ష ఇప్పటికీ టైఫాయిడ్ కోసం చాలాచోట్ల చేస్తున్నారు. పాత టైఫాయిడ్ వల్ల, టీకా వల్ల, ఒక్కొక్కప్పుడు మలేరియా వల్ల కూడా అది తప్పుగా పాజిటివ్ కావచ్చు. ఐ.జి.ఎం. ప్రతిరక్షకాలు రోగం తగ్గిన తరువాత కూడా వారాలు, నెలలు రక్తంలో మిగిలి ఉంటాయి. ఫాల్సిపేరం మలేరియాను పట్టే త్వరిత పరీక్ష క్రిములు నశించిన కొన్ని వారాల వరకు పాజిటివ్‌గానే కనబడవచ్చు. కనుక క్రిమిని నేరుగా చూపే రక్తపు కల్చర్, సూక్ష్మదర్శిని పరీక్ష, పి.సి.ఆర్. వంటి వాటికి విలువ ఎక్కువ. లేనిపోని రెండో రోగానికి మందులు వాడడం వల్ల రోగికి మేలు లేకపోగా, క్రిములు ఆ మందులకు లొంగకుండా పోయే ప్రమాదం ఉంది.

అలాగని అన్ని ఫలితాలూ వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోలేము. టైఫాయిడ్‌కు వాడే సెఫ్ట్రయాక్సోన్ స్క్రబ్ టైఫస్‌పై పనిచేయదు. ఆ ఆలస్యం వల్ల ఊపిరితిత్తులు, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. అందుకే భారత క్రిటికల్ కేర్ వైద్యుల సంఘం నిపుణులు 2014లో ప్రచురించిన మార్గదర్శకాలలో, లక్షణాల సముదాయాన్ని బట్టి చికిత్స మొదలుపెట్టి, ఫలితాలు వచ్చాక దానిని సవరించుకోవాలని సూచించారు.

ప్రవాసులమైన మనకు

చిన్ననాడు మలేరియా ఉన్న ప్రాంతంలో పెరిగినవారికి కొంత రక్షణ ఏర్పడినా, ఏళ్ళతరబడి విదేశాలలో ఉంటే అది సన్నగిల్లుతుంది. ఇక్కడ పుట్టిన పిల్లలకు అసలే ఉండదు. "మన ఊరే కదా" అన్న ధీమాతో ముందుజాగ్రత్తలు మానరాదు. ప్రయాణానికి ముందు టైఫాయిడ్ టీకా గురించి, వెళ్ళే ప్రాంతాన్ని బట్టి మలేరియా నివారణ మాత్రల గురించి వైద్యుని సంప్రదించాలి.

తిరిగి వచ్చాక జ్వరం వస్తే, ఏ ఊరు వెళ్ళారో, ఎన్నాళ్ళయిందో, కాలువలో దిగారా, పొలంలో తిరిగారా, దోమలు కుట్టాయా, అన్నీ ఇక్కడి వైద్యునికి అడగకుండానే చెప్పాలి. డెంగ్యూ రెండు వారాలలోపే బయటపడుతుంది. స్క్రబ్ టైఫస్‌కు సుమారు మూడు వారాలు, టైఫాయిడ్‌కు, లెప్టోస్పైరోసిస్‌కు నెల వరకు పట్టవచ్చు. వైవాక్స్ మలేరియా నెలల తరువాత కూడా రావచ్చు. డెంగ్యూ కాదని తేలేవరకు జ్వరానికి పారాసెటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్ వాడరాదు, వాటివల్ల రక్తస్రావం ఎక్కువ కావచ్చు.

ఇక ఊరి నుంచి వచ్చే ఫోను సంగతి. వేల మైళ్ళ దూరంలో ఉండి మనం వైద్యం చేయలేము, అక్కడి వైద్యులను శంకించడం మర్యాదా కాదు. కాని ప్లేట్‌లెట్ల లెక్కతోపాటు మరికొన్ని ప్రశ్నలు వినయంగా అడిగించవచ్చు. మలేరియా పరీక్ష మళ్ళీ చేశారా? ఒంటిమీద పెచ్చు కోసం చూశారా? మూత్రం సరిగా వస్తున్నదా? వారం దాటినా జ్వరం తగ్గలేదంటే, దీనితోపాటు మరొకటి ఉండే అవకాశం ఉందా? ఈ చివరి ప్రశ్న ఒక్కటి వేళకు అడిగితే, నాన్నగారు నాలుగు రోజులు ముందుగా ఇంటికి చేరవచ్చు. కొన్ని సందర్భాలలో ఆయన ఇంటికి చేరడమే ఆ ప్రశ్నపై ఆధారపడి ఉండవచ్చు.