మీకు తెలుసా? తోటల్లో కనబడని నల్లి

కార్తీకమాసం వస్తే ఉద్దానం జీడితోటల్లో, ఉసిరి చెట్ల కింద వనభోజనాల సందడి. స్క్రబ్ టైఫస్ అనే జ్వరం కేసులు ఎక్కువగా బయటపడేదీ వానలు వెనకబట్టిన ఈ రోజుల్లోనే. 2025 చివర్లో చీపురుపల్లి మండలంలో ఒక మహిళ మరణంతో ఈ జ్వరం పేరు విజయనగరం జిల్లా అంతటా వినబడింది.

దీన్ని అంటించేది పశువులను పట్టే గోమారి కాదు. గడ్డిలో, పొదల్లో ఉండే ఒక రకం నల్లి పిల్ల. దాదాపు కంటికి ఆనదు. విచిత్రమేమంటే, దానికి ఈ జ్వరం తెచ్చే బ్యాక్టీరియా తల్లి నుంచి గుడ్డులోనే వచ్చేస్తుంది; పెద్దయ్యాక అది మన జోలికే రాదు! కుట్టినచోట నొప్పి ఉండదు. కొన్నాళ్లకు సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పెచ్చు కడుతుంది. అదీ చంకలోనో గజ్జల్లోనో నడుం మడతలోనో. కొందరిలో అసలు కనిపించదు. సుమారు 10 రోజులకు జ్వరం, తలనొప్పి, ఒళ్లునొప్పులు.

టీకా లేదు. డాక్సీసైక్లిన్ అనే పాత, చౌక మందు వేళకు పడితే చాలామందికి తగ్గిపోతుంది. మనిషి నుంచి మనిషికి అంటదు. గడ్డిమీద టార్పాలిన్ పరిచి కూర్చోండి, బట్టలు పొదలమీద ఆరేయకండి, ఇంటికి రాగానే స్నానం చేయండి. జ్వరమొస్తే, తోటకెళ్లిన సంగతి డాక్టరుగారు అడక్కపోయినా చెప్పండి.