మాత్ర మంచిదే, రక్తం చూసి ఇవ్వాలి

వైవాక్స్ మలేరియా తగ్గినట్టే తగ్గి, నెలల తర్వాత మళ్లీ తిరగబెడుతుంది. క్లోరోక్విన్ రక్తంలోని క్రిములను చంపుతుంది గానీ కాలేయంలో నక్కినవాటి జోలికి పోదు. వాటి పని పట్టేది ప్రైమాక్విన్. అదే మాత్ర కొందరి ఒంట్లో ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది. ఎందుకని ఆరా తీయబోతే, ప్రపంచంలో దాదాపు 40 కోట్ల మందికి పుట్టుకతో వచ్చిన ఒక లోపం బయటపడింది.

అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రపు స్టేట్‌విల్ జైల్లో 1940లలో మొదలైన ప్రయోగాలవి. షికాగో విశ్వవిద్యాలయ వైద్యులు ఖైదీలకు కావాలనే మలేరియా ఎక్కించి మందులు పరీక్షించారు. ఖైదీలు ఒప్పుకున్నమాట నిజమే. కానీ జైల్లో ఉన్నవాడి ఒప్పుకోలును ఇష్టపూర్వకమని నేను అనలేను. రోజుకు 30 మిల్లీగ్రాముల ప్రైమాక్విన్ వేసుకున్న కొందరికి, ముఖ్యంగా నల్లజాతివారికి, కొద్దిరోజుల్లోనే మూత్రం నల్లబడి, రక్తం పడిపోయింది.

తప్పు ఒంటిదా, కణానిదా? తేల్చడానికి, మందు పడని మనిషి రక్తకణాలకు రేడియోధార్మిక క్రోమియంతో గుర్తుపెట్టి, మందు పడే మనిషికి ఎక్కించి ప్రైమాక్విన్ ఇచ్చారు. ఎక్కించిన కణాలే పగిలాయి, అతని సొంత కణాలకు ఏమీ కాలేదు. తిప్పి చేసినప్పుడు, మందు పడని ఒంట్లోనూ అవతలివాడి కణాలు నిక్షేపంగా నిలిచాయి. అంటే తప్పు కణంలోనే ఉంది. 1956లో పాల్ కార్సన్ బృందం ఆ తప్పేమిటో పట్టుకుంది: జీ6పీడీ అనే ఎంజైమ్ కొరత. ప్రైమాక్విన్ వల్ల పుట్టే ఆక్సీకరణ దెబ్బ నుంచి ఎర్రకణాన్ని కాచేది ఆ ఎంజైమే. కణం ముదిరేకొద్దీ అది తరిగిపోతుంది కాబట్టి ముందు పాత కణాలు పగులుతాయి. ఆఫ్రికా రకం లోపంలో లేత కణాలు తట్టుకుంటాయి. మన దేశంలోనూ కనిపించే మెడిటరేనియన్ రకంలో వాటికీ రక్షణ తక్కువే.

ఈ జన్యువు ఎక్స్ క్రోమోజోముపై ఉంటుంది. మగవాళ్లకు ఒక్కటే ఎక్స్ కనుక లోపం వాళ్లలోనే ఎక్కువగా బయటపడుతుంది. ఒక ఎక్స్‌లో మాత్రమే లోపమున్న ఆడవాళ్లలో మంచి కణాలూ, బలహీన కణాలూ కలిసి ఉంటాయి. ఉందా లేదా అని మాత్రమే చెప్పే మామూలు పరీక్ష వాళ్లను పట్టుకోలేకపోవచ్చు. అమెరికాలో 2018లో అనుమతి పొందిన టాఫెనోక్విన్‌తో ఇదే పెద్ద చిక్కు. ఒక్క మోతాదుతో సరిపోవడం దాని గొప్ప. కానీ అది వారాల తరబడి ఒంట్లోనే ఉంటుంది, వికటిస్తే వెనక్కి తీసుకోలేం. అందుకే ఎంజైమ్ ఎంత ఉందో కొలిచి, 70 శాతం దాటినవాళ్లకే ఇస్తారు.

మన మన్యంలో మలేరియా పాతదే, రక్తం కొలిచే పరికరమే ప్రతి ఊరికీ అందదు. నా మట్టుకు, కొత్త మాత్ర కంటే ముందు ఏజెన్సీ గూడేలకు చేరాల్సింది ఆ పరీక్షే. లోపమున్నవాళ్లకు దారి మూసుకుపోలేదు: వైద్యుల కనిపెట్టులో వారానికొక మోతాదు చొప్పున 8 వారాలు ప్రైమాక్విన్ ఇవ్వవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 14 రోజుల కోర్సు వాడేవాళ్లు మూత్రం రంగు ముదిరినా, కళ్లు పచ్చబడినా మాత్ర ఆపి, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.