సమాధిరాయి చెప్పని సంగతి

ఇంగ్లండు నుండి వచ్చి ఆస్ట్రేలియాలో స్థిరపడిన తొలి కుటుంబాల చరిత్రను వెదికేవారు తరచుగా న్యాయస్థానపు తీర్పుల దగ్గరకు చేరుతుంటారు. 1788లో సిడ్నీ తీరంలో దిగినవారిలో సగానికి పైగా ఖైదీలే మరి!

జేమ్స్ రూస్ వారిలో ఒకడు. 1837లో మరణించాడు. అతని సమాధి కాంప్‌బెల్‌టౌన్‌లో ఉంది. తన పుట్టుక కార్న్‌వాల్‌లోననీ, ఆ వలస రాజ్యంలో మొదటి ధాన్యం విత్తింది తానేననీ రాతిపై ఉంది. తప్పులతడకగా ఉన్న ఆ అక్షరాలను అతడే చెక్కుకున్నాడంటారు. కాని ఖైదీగా వచ్చిన మాట అందులో లేదు. అది బాడ్మిన్ న్యాయస్థానపు పత్రాలలో దొరుకుతుంది. ఒక ఇంట చొరబడి దొంగతనం చేసినందుకు 1782లో అతనికి మరణశిక్ష విధించారు; తరువాత దానిని ఏడేళ్ల ద్వీపాంతర శిక్షగా తగ్గించారు. 1790లో అతడు ఎలిజబెత్ పెర్రీ అనే మరొక ఖైదీని పెళ్లాడాడు. గవర్నరు ఫిలిప్ పారమట్టాలో అప్పగించిన నేలను సాగుచేసి, తన తిండి తాను పండించుకోగలనని నిరూపించాక 30 ఎకరాలకు పట్టా పొందాడు. ఆ నేల అంతకుముందు దారుగ్ ప్రజలది. వారిని అడిగినవారు లేరు.

ఖైదీల సంతతి అని తెలిస్తే పరువు పోతుందని ఇటువంటి సంగతులను తరతరాలుగా దాచిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. నేడు వారి వారసులే ఆ ఓడల జాబితాలలో తమ ఇంటి పేర్లకోసం ఉత్సాహంగా వెదుకుతున్నారు.