ప్రజల విరాళాలతో స్థానిక చరిత్ర భాండాగారం

చిత్తూరు ప్రాంత చరిత్ర రాయాలనుకున్న విద్యార్థికి ఎదురయ్యే మొదటి చిక్కు, ఆధారాలు ఒకచోట లేకపోవడం. ఉత్తర ఆర్కాటు జిల్లాలోని కొన్ని తాలూకాలకు కడప జిల్లాలోని మదనపల్లె, వాయల్పాడు తాలూకాలను చేర్చి 1911లో ఈ జిల్లాను ఏర్పరచారు. 1960లో తిరుత్తణి ప్రాంతం మద్రాసు రాష్ట్రంలోకి వెళ్లింది. 2022లో పాత జిల్లా మళ్లీ విడిపోయింది. సరిహద్దు మారిన ప్రతిసారీ కాగితాలు కూడా చెదురుతాయి. కంపెనీ కాలపు కలెక్టరు రికార్డులు చూడాలంటే మీరు ఈనాటికీ చెన్నై వెళ్లవలసిందే.

కొండమీది చరిత్రకు ఈ కొరత లేదు. తిరుమల, తిరుపతి ఆలయాల శాసనాలను దేవస్థానం 1930లలోనే సంపుటాలుగా అచ్చువేయించింది. అన్నమాచార్యుల కీర్తనలున్న రాగిరేకులు భాండాగారంలో భద్రంగా దొరికాయి. 1939లో మొదలైన ప్రాచ్య పరిశోధన సంస్థ తాళపత్రాలను సేకరించింది. ఇప్పుడది శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఉంది. అయితే కొండకింద పల్లెల సంగతి ఏమిటి? నగరి, పుత్తూరు, నారాయణవనం నేతగాళ్ల లెక్కలు, శ్రీకాళహస్తి కలంకారీ పనివారి నమూనాలు, జాతర కరపత్రాలు, పాత బడి ఫోటోలు, ఇవన్నీ ఏ ప్రభుత్వ రికార్డు గదిలోనూ ఉండవు. ఇళ్లలో, అటకల మీద, ట్రంకు పెట్టెల్లో ఉంటాయి. 1984లో వంశపారంపర్య కరణాల వ్యవస్థ రద్దయినప్పుడు కార్యాలయానికి చేరని పాత కవిలెలు, చిట్టాలు కూడా కొన్ని అలాగే ఇళ్లలో ఉండిపోయాయి. ఇల్లు కూల్చి కట్టుకునేటప్పుడు అవి పాత కాగితాల వ్యాపారికి తూకానికి వెళ్తాయి. స్థానిక చరిత్ర సంఘం పోటీపడేది ఆ తూకంతోనే.

ఊళ్ల నుంచి చరిత్రను సేకరించడం మనకు కొత్త కాదు. కర్నల్ మెకంజీ, కావలి సోదరులు మొదలైన సహాయకుల ద్వారా ఊరూరా కైఫియత్తులు రాయించాడు. ఆ పని వల్ల ఎంతో చరిత్ర దక్కింది, సందేహం లేదు. కానీ సేకరించినవి ఊరికి దూరంగా మద్రాసుకు, లండనుకు చేరాయి. తమ ఊరి కైఫియత్తు ఒకటుందని తెలియని గ్రామస్థులు ఈనాటికీ ఉన్నారు. దీనికి భిన్నమైన ఉదాహరణ కడపలో ఉంది. బ్రౌను దొర పండితులను నియమించి తెలుగు గ్రంథాలను పరిష్కరింపజేసిన చోటనే, జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారి పూనికతో, దాతల విరాళాలతో సి.పి. బ్రౌన్ గ్రంథాలయం వెలిసింది. తర్వాత అది యోగి వేమన విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది. ప్రభుత్వం వచ్చి మొదలుపెట్టే దాకా ఆగనవసరం లేదనడానికి రాయలసీమలోనే ఇంత దగ్గరి తార్కాణం ఉంది.

సంఘం పెట్టడం సులభం. ఏడుగురు కలిస్తే 2001 నాటి సంఘాల నమోదు చట్టం కింద నమోదు చేయించుకోవచ్చు. కష్టమైనది నమ్మకం సంపాదించడం. మీరు ఒక పెద్దాయన ఇంటికి వెళ్లి “పాత కాగితాలు ఇవ్వండి” అనగానే ఆయన మనసులో మెదిలేది భూమి తగాదా. అది సహజం. ఒక పాత అడంగల్ నకలు ఈనాటికీ కోర్టులో పనికిరావచ్చు. కాబట్టి అమలులో ఉన్న హక్కు పత్రాలను సంఘం అసలు తీసుకోకూడదు. వాటిని ఆ ఇంట్లోనే ఫోటో తీసుకుని, అక్కడికక్కడే తిరిగి ఇవ్వాలి. మిగిలినవాటికి దానపత్రం రాయించుకోవాలి. ఇచ్చినది శాశ్వతంగానా, భద్రపరచడానికి మాత్రమేనా, ఎవరు చూడవచ్చు, ఫలానా ఉత్తరాలు ఎన్నేళ్ల దాకా మూసి ఉంచాలి, ఇవన్నీ అందులో స్పష్టంగా ఉండాలి. ఉత్తరం కాగితం మనకు ఇచ్చినంత మాత్రాన దాన్ని అచ్చువేసే హక్కు రాదు. ఆ హక్కు రాసినవారిది, వారి వారసులది. నోటిమాట మీద తీసుకున్న పెట్టె, దాత పోయాక ఆయన కొడుకులకూ సంఘానికీ మధ్య తగవు అవుతుంది.

చట్టం విషయంలో ఇంకో జాగ్రత్త ఉంది. పొలం దున్నుతుంటే దొరికిన రాగిరేకునో నాణేల కుండనో ఎవరైనా తెచ్చి ఇస్తే సంతోషంగా పుచ్చుకోకండి. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం దాన్ని కలెక్టరుకు తెలియజేయాలి. చారిత్రక విలువ ఉండి 75 ఏళ్లు దాటిన రాతప్రతులు 1972 నాటి పురావస్తువుల చట్టం పరిధిలోకి వస్తాయి. వాటిని దేశం దాటించడానికి వీల్లేదు.

ఇక పెట్టె చేతికి వచ్చాక చాలామంది చేసే పని, అందులోవాటిని విషయాల వారీగా విడదీయడం. గ్రంథాలయానికి అది సరి, భాండాగారానికి సరికాదు. ఒక ఇంటి నుంచి వచ్చినవాటిని ఒకే సముదాయంగా ఉంచాలన్న సూత్రాన్ని ఫ్రాన్సు 1841లోనే అంగీకరించింది. కారణం చూడండి. ఒక నేతగాడి పెట్టెలో నూలు అప్పు చీటీ పక్కనే కూతురి పెళ్లి ఖర్చుల పద్దు ఉందనుకుందాం. రెండూ కలిపి చూస్తే ఆ అప్పు ఎందుకు పెరిగిందో ఊహించవచ్చు. చీటీని ‘నేత పరిశ్రమ’ ఫైలులోకీ, పద్దును ‘ఆచారాలు’ ఫైలులోకీ పంపితే ఆ సంబంధం తెగిపోతుంది. మళ్లీ ఎవరూ కలపలేరు. అందుకే ముందు పెట్టెను తెరిచినది తెరిచినట్టే ఫోటో తీసి, చేరిక రిజిస్టరులో వరుస సంఖ్య, దాత పేరు, ఊరు, తేదీ, ఆ వస్తువు గురించి దాత చెప్పిన మాట రాయాలి. ఆ చివరిది మరిచిపోతే పేర్లు లేని పెళ్లి ఫోటో మిగులుతుంది.

భద్రపరచడానికి పెద్ద ఖర్చేమీ అక్కరలేదు. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల తడి. ఆ నెలల్లోనే బూజు పడుతుంది. అరలను గోడకు కాస్త ఎడంగా జరపాలి, నేల మీద ఏదీ పెట్టకూడదు. తుప్పుపట్టిన గుండుసూదులు తీసేయాలి. చిరిగినచోట సెల్లోటేపు అంటించకూడదు, లామినేషను అసలే వద్దు. తాళపత్రాలకు నిమ్మగడ్డి నూనె పూయడం తెలిసినవారి చేతనే చేయించాలి.

విరాళాల మీద ఆధారపడిన భాండాగారానికి పుట్టుకతోనే ఒక వంకర ఉంటుంది. కాగితం ఉన్నవారే కాగితం ఇవ్వగలరు. కరణం ఇంటి నుంచి మూడు పెట్టెలు వస్తాయి, ఆయన పొలంలో పనిచేసిన పాలేరు ఇంటి నుంచి ఏమీ రాదు. పలమనేరు కుమ్మరి నైపుణ్యం చేతుల్లో ఉంటుంది, చీటీల్లో కాదు. రిజిస్టరులో ఏ వాడ పేరు లేదో చూసి, ఆ వాడకు మీరే వెళ్లి, పెద్దవారి మాటలను వారి అనుమతితో రికార్డు చేయండి. రేషను కార్డు, కూలి సంఘం రసీదు, కువైట్ నుంచి వచ్చిన ఉత్తరం, ఇవి కూడా ఆధారాలేనని ముందు వారికి చెప్పాలి. ఎందుకంటే “మా ఇంట్లో ఏముంటాయి సార్” అన్నదే మీకు ఎదురయ్యే మొదటి జవాబు.

సంఘం నియమావళిలో మరొక వాక్యం మొదటి రోజే రాసుకోవాలి. సంఘం మూతపడితే ఈ సేకరణ ఏ విశ్వవిద్యాలయానికి, ఏ గ్రంథాలయానికి చెందాలి అన్నది. ఆ సంస్థ అంగీకార పత్రం కూడా ముందే తీసుకోండి. చేరిక రిజిస్టరు నకలు ఒకటి ఎప్పుడూ వేరే ఊళ్లో ఉంచండి.