చేతికి తెలిసే గాలి

సంక్రాంతికి మేడ మీద గాలిపటం ఎగరేసిన వాళ్లకు ఒక సంగతి బాగా తెలుసు. పటం చుక్కంత అయి కంటికి ఆనకపోయినా, పైన గాలి ఎలా ఉందో వేలి మీది దారమే చెప్పేస్తుంది. బిగిస్తే వదలాలి, సడలితే లాగాలి. మజ్జిగ చిలికే కవ్వమూ అంతే. వెన్న పడే వేళకు చేతికి బరువు తెలుస్తుంది. కుండలోకి తొంగి చూసే పనే ఉండదు.

కంప్యూటర్ ముందు కూర్చుని విమానం నడిపే సరదా ఉన్నవాళ్లకు లోటుగా ఉండేది సరిగ్గా ఈ స్పర్శే. ఫ్లైట్ సిమ్యులేటర్‌లో మబ్బులు, రన్‌వే, కాక్‌పిట్‌లోని మీటర్లు అన్నీ అచ్చంగా ఉంటాయి. చేతిలోని జాయ్‌స్టిక్‌కి మాత్రం ఆ గాలి సంగతి ఏమీ తెలియదు. ఆ లోటు తీర్చడానికి వచ్చిందే ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ జాయ్‌స్టిక్. అంటే చేతికి ఎదురు బలం చూపించే స్టిక్ అన్నమాట. "అది కొందాం" అని మీ ఇంట్లో ఎవరైనా అడుగుతున్నారా? కాదు, ఔను అనే ముందు దాని సంగతేమిటో కాస్త తెలుసుకోండి.

స్ప్రింగుకీ మోటారుకీ తేడా

మామూలు జాయ్‌స్టిక్‌లో ఉండేది స్ప్రింగ్. విమానం నేల మీద నిలబడి ఉన్నా, జోరుగా ఎగురుతున్నా దాని బిగువు ఒకటే. వదిలేస్తే చటుక్కున మధ్యకు వచ్చేస్తుంది.

అసలు విమానం అలా ఉండదు. సెస్నా 172 లాంటి చిన్న విమానంలో పైలట్ పట్టుకునే యోక్‌కీ, రెక్కల చివర, తోక దగ్గర కదిలే పలకలకీ మధ్య ఉక్కు తీగలుంటాయి. వేగం పెరిగేకొద్దీ గాలి ఆ పలకలను గట్టిగా నొక్కుతుంది, యోక్ బిగుసుకుంటుంది. వేగం తగ్గితే వదులైపోతుంది. ముక్కు మరీ పైకెత్తేస్తే రెక్క విమానాన్ని మోసే బలం పోగొట్టుకుంటుంది. దీన్ని స్టాల్ అంటారు. అది రాబోతోందని చాలా విమానాలు ముందుగానే వణికి చెబుతాయి.

ఇంకోటి ట్రిమ్. పైకి ఎక్కేటప్పుడు పైలట్ యోక్‌ని వెనక్కి లాగి పట్టుకోవాలి. ఎంతసేపని లాగుతారు, చెయ్యి నొప్పి పుట్టదూ! అందుకని పక్కనున్న చిన్న చక్రం తిప్పుతారు. చేతి మీది బరువు మెల్లగా తగ్గి, విమానం తనంతట తానే ఆ స్థితిలో నిలబడుతుంది. స్ప్రింగ్ స్టిక్‌లో ఈ సుఖం తెలియదు.

ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ స్టిక్‌లో స్ప్రింగ్ బదులు ముందు వెనకలకు ఒకటి, పక్కలకు ఒకటి చొప్పున మోటార్లు ఉంటాయి. విమానం ఎంత వేగంలో, ఏ స్థితిలో ఉందో కంప్యూటర్ లెక్కకట్టి చెబుతుంటే, మోటార్లు ఆ ప్రకారం చేతికి ఎదురు నిలుస్తాయి. ట్రిమ్ తిప్పితే స్టిక్ నిలిచే చోటే మారుతుంది. హెలికాప్టర్ నడిపితే మధ్యకు రాకుండా, ఉంచిన చోటే ఉండేలా కూడా చేయొచ్చు.

ఆటే గానీ, విషయం ఆట కాదు

"వీడియో గేమ్‌కి ఇంత హంగామానా?" అనకండి. పెద్ద విమానాలకూ ఇదే సమస్య. బోయింగ్ 737లో పలకల్ని కదిలించేది హైడ్రాలిక్ బలం. గాలి ఒత్తిడి పైలట్ చేతిదాకా రాదు కాబట్టి, ఆ బిగువును కావాలనే కృత్రిమంగా కల్పించారు. స్టాల్ దగ్గర పడితే యోక్‌ని గడగడా వణికించే మోటారూ పెట్టారు. 1988లో సర్వీసులోకి వచ్చిన ఎయిర్‌బస్ ఎ320 దారి వేరు. అందులో పక్కనుండే చిన్న స్టిక్‌లు కంప్యూటర్‌కి ఆదేశాలిస్తాయి. ఒక పైలట్ స్టిక్ కదిపితే రెండో పైలట్ స్టిక్ కదలదు.

2009 జూన్ 1న రియో డి జెనీరో నుంచి ప్యారిస్ వెళ్తున్న ఎయిర్ ఫ్రాన్స్ 447 అట్లాంటిక్‌లో కూలి 228 మంది చనిపోయారు. అది ఎయిర్‌బస్ ఎ330. వేగం కొలిచే గొట్టాల్లో మంచు చేరి, ఆటోపైలట్ తప్పుకుంది. విమానం నడుపుతున్న పైలట్ స్టిక్‌ని వెనక్కి లాగుతూ వచ్చాడు, విమానం స్టాల్ అయింది. అతని చెయ్యి ఏం చేస్తోందో పక్క పైలట్ చేతికి తెలిసే వీలు లేదు. ప్రమాదానికి ఇదొక్కటే కారణం కాదు. కానీ స్పర్శ విలువ ఏమిటో లోకమంతా చర్చించుకుంది. 2018లో అనుమతి పొందిన గల్ఫ్‌స్ట్రీమ్ జి500 జెట్‌లో ఇద్దరి స్టిక్‌లూ ఒకదానికొకటి జతగా కదులుతాయి.

వచ్చింది, పోయింది, మళ్లీ వచ్చింది

ఇళ్లలోకి ఈ స్టిక్‌లు కొత్తగా రాలేదు. మైక్రోసాఫ్ట్ 1997లో సైడ్‌వైండర్ ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ ప్రో, 2000లో దాని రెండో రకం తెచ్చింది. రెండో దాని పిడిలో, చెయ్యి పట్టుకుందో లేదో కనిపెట్టే సెన్సర్ కూడా ఉంది. చెయ్యి తీయగానే స్టిక్ మెత్తబడిపోతుంది. తర్వాత ఇమ్మర్షన్ అనే కంపెనీ పేటెంట్ల విషయమై 2002లో మైక్రోసాఫ్ట్, సోనీల మీద దావా వేసింది. 2003లో మైక్రోసాఫ్ట్ రాజీపడింది. జాయ్‌స్టిక్‌ల వ్యాపారం నుంచీ తప్పుకుంది. లాజిటెక్ 2009లో జి940 తెచ్చి, కొన్నాళ్లకు అదీ ఆపేసింది.

అభిమానులు మాత్రం వదల్లేదు. పాత స్టిక్‌లను వెతికి కొని, విప్పి, బాగుచేసి వాడుకున్నారు. ఆ పట్టుదల వృథా పోలేదు. వీపీఫోర్స్ రైనో లాంటివి చిన్న తయారీదారుల చేతుల మీదుగా వచ్చాయి. 2024లో చైనా కంపెనీ మోజా ఏబీ9 విడుదల చేసింది.

కొనే ముందు ఇవి అడగండి

* వణికేదంతా ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ కాదు. చవక స్టిక్‌లలో సెల్‌ఫోన్‌లోలా వణికే చిన్న మోటారే ఉంటుంది. "చేతికి ఎదురు నెడుతుందా? ట్రిమ్‌తో నిలిచే చోటు మారుతుందా?" అని అడగండి.

* మీ వాళ్లు వాడే సిమ్యులేటర్‌తో నేరుగా పనిచేస్తుందా? కొన్నిటికి మధ్యలో మరో ప్రోగ్రాం వేసుకోవాలి.

* ధర పదుల వేలల్లో ఉంటుంది. పిడి, టేబుల్‌కి బిగించే క్లాంప్ విడిగా కొనాలేమో, రిపేరు ఎక్కడ చేస్తారో ముందే తేల్చుకోండి.

* మోటార్లు బలమైనవి. బల్ల ఊగకుండా గట్టిగా బిగించాలి. చిన్న చేతులకైతే సెట్టింగ్స్‌లో బలం తగ్గించి ఇవ్వాలి.

* సరదా కొత్తదైతే మామూలు స్ప్రింగ్ స్టిక్‌తోనే మొదలుపెట్టమనండి. ఏడాది తర్వాత కూడా అదే ధ్యాస ఉంటే అప్పుడు ఆలోచించవచ్చు.

ఇంట్లో ఎగిరిన గంటలు పైలట్ లైసెన్సు లెక్కలోకి రావు. అయినా విమానం మాట చేతితో వినే అలవాటు ఊరికే పోదు. అడిగింది అమ్మాయి అయితే "ఇది మగపిల్లల ఆట" అని మాత్రం అనకండి. పైలట్లలో మహిళల వాటా ప్రపంచ సగటు కంటే మన దేశంలోనే ఎక్కువ.