పొత్తిళ్ళ బిడ్డ: అవ్వ మాట, నర్సమ్మ మాట

మన తెలుగు కుటుంబాలలో తొలి కాన్పు పుట్టింట జరగడం ఆచారం. ఈ నల్లరేగడి సీమకు వచ్చి ఎన్ని తరాలు గడిచినా ఆ వాడుక పోలేదు. కాకపోతే కాన్పు ఇప్పుడు ఆస్పత్రిలో జరుగుతున్నది. అందుచేత బిడ్డతోపాటు ఇంటికి రెండు రకాల మాటలు వస్తున్నవి. నర్సమ్మ చెప్పి పంపిన మాట ఒకటి, గడపలో హారతి పట్టుకొని నిలిచిన అవ్వ మాట ఒకటి. రెంటి నడుమ చిక్కుకొనేది కొత్త తల్లీ, బిడ్డను ఎత్తుకోవడమే ఇంకా చేతకాని తండ్రీ. తిరుత్తంగల్‌లో మా అన్నగారి అమ్మాయి పురిటికి వచ్చినప్పుడు మేము ఈ సంగతి దగ్గరుండి చూచినాము.

మొదటి పేచీ సేనై దగ్గర వచ్చింది. మంచి గుణముగల పెద్దలు తేనెగాని చక్కెర నీళ్ళుగాని బిడ్డ నాలుకకు రాస్తే ఆ గుణమే బిడ్డకు అబ్బుతుందని ఈ ప్రాంతంలో నమ్మకం. గుణం మాట ఎట్లున్నా, ఏడాది నిండని బిడ్డకు తేనె తగదు. తేనెలో ఒక్కొక్కప్పుడు ఉండే సూక్ష్మజీవి పసికడుపులో విషం పుట్టించి, పాలు చప్పరించే శక్తి కూడా లేకుండా బిడ్డను సోలిపోజేస్తుంది. నాలుకకు మొదట తగలవలసినవి తల్లి పాలే, అవీ పుట్టిన గంటలోపల.

ఆ తొలిపాలు చిక్కగా, పసుపుపచ్చగా ఉంటవని పిండి పారబోసేవారు ఇంకా ఉన్నారు. ఆవు ఈనితే ముర్రుపాలకోసం గిన్నె పట్టుకొని పోయి జున్ను వండుకొనే మనమే, మన బిడ్డ వంతు వచ్చేసరికి వాటిని నేలపాలు చేస్తామా! రోగాలను ఎదుర్కొనే సత్తువ ఆ నాలుగు చుక్కలలోనే ఉన్నది. మొదటి రోజున పసికడుపుకు అంతకంటే పట్టదు గనుక “పాలు చాలలేదు” అని డబ్బాపాలకు పరుగెత్తనక్కరలేదు. మొదటి దినాలలో బిడ్డ కాస్త బరువు తగ్గి, రెండు వారాలలో మళ్ళీ పుంజుకొంటుంది. వారం దాటిన బిడ్డ రోజుకు ఆరు గుడ్డలైనా తడిపితే పాలు చాలుతున్నట్లే.

మన ఎండలు చూచి “గుక్కెడు నీళ్ళైనా పోయకపోతే గొంతెండదా” అని అవ్వలు బాధపడతారు. తల్లి పాలలో నూటికి 87 పాళ్ళు నీరే. ఆరు నెలలవరకు వేరే నీళ్ళు వద్దు. ఆ చెంబెడు నీళ్ళు తల్లికి ఇస్తే మేలు.

అసలు పెద్ద తగవు వసకొమ్ము మీద. వస, శొంఠి, కరక్కాయ, మాచికాయ, జాజికాయ తల్లిపాలతో సానమీద అరగదీసి నాకించే ఉరైమందు ఇక్కడ ఇంటింటా ఉన్నది. వసకు తమిళంలో ‘పిళ్ళై వళర్‌ప్పాన్’, అంటే బిడ్డను పెంచేది, అని పేరే ఉన్నది గదా. కాని వసలోని ఒక సారం ఎలుకలలో క్యాన్సరు కలిగించినందున 1968లోనే అమెరికాలో దానిని ఆహారంలో కలపరాదని నిషేధించినారు. మా ఇంట అవ్వ రెండు రోజులు అలిగింది. చివరకు వసపూసలు నాలుకకు గాక మణికట్టుకు కట్టుట అని రాజీ కుదిరింది. చేయి నోటిలో పెట్టుకొనే వయసు రాగానే అవీ తీసివేయాలి.

అట్లని అవ్వ మాటలన్నీ త్రోసివేసేవి కావు. ముక్కులో చెవిలో నూనె, కంటికి కాటుక, ఉయ్యాలకింద సాంబ్రాణి పొగ వద్దంటాము. గోరువెచ్చని నూనెతో మెల్లగా ఒళ్ళు రుద్దడం, బాలింతకు వేళకు వండి పెట్టడం, ఒడిలో వేసుకొని లాలి పాడడం — ఈ మూటిలో అవ్వను మించిన నర్సు లేదు. మూడు రోజులు నిండని బిడ్డ సయితం ఇతర స్త్రీల గొంతుకంటె తల్లి గొంతునే కోరుకొంటుందని 1980లో అమెరికాలో పరీక్షించి తేల్చినారు. వీధిలో తమిళం ఎట్లాగూ వస్తుంది. లాలి మాత్రం తెలుగులో పాడండి.

తండ్రులకు ఒక మాట. మన పొరుగున శ్రీవిల్లిపుత్తూరులో తులసివనాన దొరికిన ఆండాళ్‌ను పెంచినది విష్ణుచిత్తుడు, మగవాడే. బాలకృష్ణునికి జోలపాట కట్టినదీ ఆయనే. మన రాయలవారు ‘ఆముక్తమాల్యద’లో చెప్పినది వారి కథే. కనుక తడిగుడ్డ మార్చడం పరువు తక్కువ పని కాదు. 1978లో బొగోటా నగరంలో బరువు తక్కువ బిడ్డలను తల్లి రొమ్ముకు ఆనించి వెచ్చగా కాపాడే పద్ధతి మొదలైంది. తండ్రి రొమ్ముకైనా ఆ వేడి ఉన్నది. రాత్రి ఒక జాము ఆయన బిడ్డను చూచుకొంటే తల్లి నిద్రపోతుంది. రెండు వారాలు దాటినా ఆమె దిగులుగా, ఊరక ఏడుస్తూ ఉంటే దిష్టి అనుకోక డాక్టరుతో చెప్పాలి.

కామెర్ల విషయంలో మాత్రం ఎవరి మాటకూ ఆగరాదు. ఎండ తగిలిన బిడ్డకు పసుపు తగ్గడం 1956లో ఇంగ్లండులో ఒక నర్సే కనిపెట్టింది. దానినుండే నీలిదీపాల వైద్యం వచ్చింది. అయినా ముదిరిన కామెర్లకు పెరటి ఎండ చాలదు. మొదటిరోజే పచ్చబడినా, అరచేతులు అరికాళ్ళు పచ్చబడినా, పాలు త్రాగకున్నా, ఒళ్ళు కాలినా చల్లబడినా, ఫిట్స్ వచ్చినా, నిమిషానికి 60 లేక అంతకు మించి ఊపిరి తీసినా రాహుకాలం చూడక బయలుదేరండి. 2022 నుండి విరుదునగరులోనే ప్రభుత్వ వైద్య కళాశాల ఉన్నది. మన పెరుమాళ్ళ కోవెల 108 దివ్యక్షేత్రాలలో ఒకటి గనుక ఆంబులెన్సు నంబరు మనవారు మరువరు. దారిలో బిడ్డ చల్లబడకుండా తల్లి రొమ్ముకు ఆనించుకోవాలి. టీకాల కార్డు సంచిలో ఉండాలి.